దస్తావేజులో రాసే ధర

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఇంజనీరుగా నీ అనుభవాలు ఓ ఇరవై నిమిషాలు చెప్పవోయ్" అన్నారు. నేను వేసిన రోడ్ల గురించి, కట్టిన వంతెనల గురించి చెబితే మొదటి అయిదు నిమిషాలు మర్యాద కోసం వింటారు. ఆ తర్వాత అందరి చూపూ వంటల షెడ్డు మీదకే పోతుంది. అందుకని ఆ రోడ్ల కింద ఉన్న భూమి గురించి మాట్లాడదామనుకున్నాను. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ భూమి చేతులు మారినప్పుడు మనం దస్తావేజులో రాయించే ధర గురించి.

ఇది స్వర్ణోత్సవాల్లో మాట్లాడే విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. ఈ హాల్లో సగం మందిమి యాభై దాటినవాళ్ళం. నాన్న కట్టిన ఇల్లు, తాత మిగిల్చిన ఎకరమో అరెకరమో ఏం చెయ్యాలన్న ప్రశ్న మనలో చాలామందిని పట్టి పీడిస్తోంది. పిల్లలు వేరే ఊళ్ళలో, వేరే దేశాల్లో ఉన్నారు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షల తర్వాత ఎక్కువగా నడిచేది ఈ చర్చే. "మన వీధిలో గజం ఎంత పలుకుతోందిరా?" అని ఒకడు అడుగుతాడు. జవాబు రాగానే, "మరి ఎంతకి రాయిస్తున్నారు?" అని రెండో ప్రశ్న. పలికే ధర ఒకటి, రాయించే ధర ఒకటి. ఆ రెండూ వేరుగా ఉండటం మనకెంత మామూలైపోయిందంటే, తేడా ఎందుకుందని అడిగినవాడు ఆ గ్రూపులో ఇంతవరకు ఒక్కడూ లేడు.

దస్తావేజు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఫలానా వారు ఫలానా వారికి ఇంత ప్రతిఫలానికి శుద్ధక్రయం చేసినట్టు, ఆ సొమ్మంతా ముట్టినట్టు రాసి, కింద షెడ్యూలు, నాలుగు హద్దులు ఇస్తారు. హద్దుల దగ్గర మనం ఎంత పట్టుదలగా ఉంటామో చూడండి. తూర్పున పక్కవారి గోడ మనదా ఉమ్మడిదా అని అరగంట వాదిస్తాం. అదే కాగితంలో ప్రతిఫలం దగ్గరికి వచ్చేసరికి దస్తావేజు లేఖరి, "గవర్నమెంటు వాల్యూ ఇంత ఉందండీ, దానికి ఓ పాతిక వేలు కలిపి రాసేద్దామా?" అంటాడు. మనం తలూపుతాం. అడుగు స్థలం తేడా వస్తే ఒప్పుకోని మనిషి నలభై లక్షల తేడాకు మాట్లాడకుండా సంతకం పెడతాడు.

చట్టం ఏమంటోందో రెండు మాటల్లో చెబుతాను. 1899 నాటి భారతీయ స్టాంపుల చట్టం 27వ సెక్షన్ ప్రకారం డ్యూటీ మీద ప్రభావం చూపే వాస్తవాలన్నీ, ముఖ్యంగా ప్రతిఫలం, పత్రంలో పూర్తిగా, నిజంగా రాయాలి. బ్రిటిషువాళ్ళ కాలం నుంచీ ఉన్న మాటే. అయితే సబ్ రిజిస్ట్రారు ఎదుట కూర్చున్న ఇద్దరూ ఒకే అబద్ధం చెబితే ఆయన ఏం చేయగలడు? అందుకే 47-ఏ అనే సెక్షన్ చేర్చారు. మన సంఘం పుట్టిన 1975లోనే మన రాష్ట్రంలో అది అమల్లోకి వచ్చింది. కాబట్టి దానికీ ఇది స్వర్ణోత్సవమే, ఎవరూ సభ పెట్టకపోయినా. రాసిన విలువ తక్కువగా ఉందనిపిస్తే అసలు విలువ తేల్చమని కలెక్టరు అధికారాలున్న అధికారికి నివేదించవచ్చని అది చెబుతుంది. ఆ పనికి వీలుగా ఊరూరికీ, వీధి వీధికీ, సర్వే నంబర్ల వారీగా విలువలు రాసిన రిజిస్టరు తయారుచేశారు. మనం గవర్నమెంటు వాల్యూ అంటున్నది దాన్నే. కాగితాల్లో దాని పేరు "మార్కెట్ విలువ". ఏ మార్కెట్‌లోనూ ఆ ధరకు గజం స్థలం దొరకదు, అది వేరే సంగతి.

ఇక్కడే జనంలో ఒక పొరపాటు అభిప్రాయం స్థిరపడిపోయింది. ప్రభుత్వ విలువ రాస్తే నిజం రాసినట్టేనని అందరూ అనుకుంటారు. ప్రభుత్వ విలువ అనేది, ఇంతకన్నా తక్కువకు డ్యూటీ తీసుకోవద్దని రిజిస్ట్రారుకు ఇచ్చిన గీత మాత్రమే. మీరు కోటి రూపాయలకు కొంటే ప్రతిఫలం కోటి. గీత అరవై దగ్గర ఉన్నంత మాత్రాన మీరు కొన్న ధర అరవై అయిపోదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మా లెక్కల మాస్టారు ముందు వరసలో ఉన్నారు కాబట్టి జాగ్రత్తగానే చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకపు దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, వెరసి 7.5 శాతం. తెలంగాణలో 2021 జులై నుంచి మొత్తం అంతే, విడివిడి అంకెలు మాత్రం వేరు. కోటి రూపాయల ఇల్లు అరవై లక్షలకు రాయించారనుకోండి. దాచిన 40 లక్షల మీద 3 లక్షలు మిగిలాయి. కొన్నాయన సంతోషించాడు.

కొన్నేళ్ళు గడిచాయి. ఆయన అదే ఇంటిని కోటిన్నరకు అమ్మాడు. ఈసారి కొనే కుర్రాడు బ్యాంకు అప్పు మీద కొంటున్నాడు, పూర్తి ధర రాయక తప్పదు. నిజానికి ఈయనకు వచ్చిన లాభం 50 లక్షలు. కాగితం ప్రకారం 90 లక్షలు. దీర్ఘకాలిక మూలధన లాభం మీద 12.5 శాతం పన్ను. ఎప్పుడూ చేతికి రాని 40 లక్షల లాభం మీద సెస్సు కాకుండానే 5 లక్షలు కట్టాలి. అప్పుడు మిగిలింది మూడు, ఇప్పుడు పోయింది అయిదు. మొదట అమ్మినాయన ఎగ్గొట్టిన పన్నునే ఈయన కట్టాడన్నమాట, అదీ పైసా తేడా లేకుండా. దస్తావేజులో ధర తగ్గించమని ఎక్కువగా అడిగేది అమ్మేవాళ్ళు. ఒప్పుకునేటప్పుడు కొనేవాళ్ళకు తెలియనిది ఈ ఒక్కటే.

ఇక ఆ 40 లక్షల నోట్ల కట్టల కథ. 2015 జూన్ నుంచి స్థిరాస్తి అమ్మకంలో 20 వేల రూపాయలు, ఆ పైన నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా వేయవచ్చు. బ్యాంకులో వేస్తే ఎక్కడిదని అడుగుతారు. వేయకపోతే దొంగల భయం. ఆ సొమ్ముతో మళ్ళీ భూమే కొనాలి, మళ్ళీ తక్కువకే రాయించాలి. ఇంకోటి, ఏదో వారసుడు వచ్చి కేసు వేసి మీ కొనుగోలు చెల్లదని తేలిందనుకోండి. ఇచ్చిన డబ్బు తిరిగి ఇప్పించమని మీరు వెళ్తే ముందుగా చూసేది దస్తావేజులోని అంకెనే. మిగతాది ఇచ్చానని ఏ నోటితో చెబుతారు?

ఇదంతా సొంత లాభనష్టాల లెక్క. ఎవరి డబ్బు వాళ్ళిష్టం అనుకుంటే ఇక్కడితో ఆపేయవచ్చు. నేను మాట్లాడాలనుకున్న అసలు విషయం దీని తర్వాతే ఉంది.

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో రోడ్డు ఎటు పోవాలో గీత గీయడం, ఏ సర్వే నంబర్లలో ఎంత భూమి కావాలో పట్టిక తయారుచేయడం నా పని. ధర కట్టేది రెవెన్యూ వారు. కానీ రైతులతో సమావేశం జరిగినప్పుడు ఇంజనీరు కూడా ఓ మూల కూర్చోవాలి, ఎవరైనా మ్యాపు గురించి అడిగితే చూపించడానికి. అలా ఎన్నో సమావేశాల్లో కూర్చున్నాను.

భూసేకరణలో ధర ఎలా కడతారో చాలామందికి తెలియదు. 2013 చట్టం, అంటే 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నది, 26వ సెక్షన్‌లో మూడు అంకెలు చూడమంటుంది. ఒకటి, ఇందాక చెప్పిన రిజిస్ట్రేషన్ విలువ. రెండు, ఆ చుట్టుపక్కల అలాంటి భూమికి గత మూడేళ్ళలో రిజిస్టరైన అమ్మకాల్లో ఎక్కువ ధర రాసిన సగం దస్తావేజుల సగటు. మూడు, కొన్ని రకాల ప్రాజెక్టుల్లో పరస్పరం ఒప్పుకున్న మొత్తం. వీటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. పల్లెల్లో దాన్ని 1 నుంచి 2 వరకు ఉండే గుణకంతో హెచ్చించాలి. వచ్చినదానికి నూరు శాతం సొలేషియం కలపాలి. చట్టం చూస్తే ఉదారంగానే ఉంది. కానీ ఆ రెండో అంకె ఎక్కడి నుంచి వస్తుంది? సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి తెప్పించిన అమ్మకాల జాబితా నుంచి. అంటే మనం రాయించిన దస్తావేజుల్లోంచే.

కొన్నేళ్ళ క్రితం ఒక పట్టణానికి బైపాస్ వేశాం. ఊరి పేరు ఎందుకులెండి. దారిలో ఒక పల్లె. అక్కడ ఎకరం బయట నలభై లక్షలకు తక్కువ లేదని అందరికీ తెలుసు, ఆఫీసర్లకూ తెలుసు. జాబితాలో మూడేళ్ళకు ఎనిమిది అమ్మకాలున్నాయి. ప్రభుత్వ విలువ 9 లక్షలు. ఎనిమిది దస్తావేజులూ 9కీ 10కీ మధ్యే. పై సగంలో రెండు పదేసి లక్షలవి, రెండు తొమ్మిదిన్నరవి. సగటు 9.75 లక్షలు. గుణకం 1.25, ఆపైన సొలేషియం. ఎకరానికి 24 లక్షల చిల్లర తేలింది.

ఆ గదిలో ఒక పెద్దాయన లేచాడు. ఆయనది తండ్రి నుంచి వచ్చిన భూమి. బైపాస్ దాన్ని నడిమికి చీల్చుకుంటూ పోతోంది. "నేను ఎవరికీ అమ్మలేదు, ఎవరి దగ్గరా కొనలేదు బాబూ. నా భూమి ధర ఎవరు రాశారు?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. ఆ ఎనిమిది దస్తావేజుల్లో అమ్మినవాళ్ళు ఇద్దరు ఆ గదిలోనే ఉన్నారు. వాళ్ళలో ఒకాయన బయటికొచ్చాక నాతో అన్నాడు, తాను 38 లక్షలకు అమ్మానని, కొన్నాయన తొమ్మిదిన్నరకు రాయించుకుంటానంటే సరేనన్నానని. "మీకేం కలిసొచ్చింది?" అని అడిగాను. పన్ను తప్పింది కదా అన్నాడు. ఏ పన్ను? పట్టణాలకు దూరంగా ఉన్న పల్లె సాగుభూమి అమ్మితే మూలధన లాభం మీద పన్నే లేదు. ఆదాయపు పన్ను చట్టం దాన్ని మూలధన ఆస్తిగానే లెక్కించదు. ఆయన పూర్తి ధర రాసినా ఒక్క రూపాయి కట్టాల్సిన పనిలేదు. కొన్నవాడి దగ్గరున్న లెక్కలేని డబ్బు కోసం ఈయన సంతకం పెట్టాడు. లెక్క చెప్పుకోగలిగిన తన డబ్బును చెప్పుకోలేని డబ్బుగా మార్చుకుని ఇంటికి తీసుకెళ్ళాడు.

అదే రోడ్డు మీద పక్క పల్లె. ప్రభుత్వ విలువ అంతే, బయటి ధర అంతే, అమ్మకాలూ ఎనిమిదే. కానీ అక్కడ ఒకరు బ్యాంకు అప్పుతో ఎకరం కొని, 31 లక్షలని ఇచ్చినంతా రాయించుకున్నారు. పై సగం దస్తావేజులు: 31, 10, తొమ్మిదిన్నర, తొమ్మిదిన్నర. సగటు 15 లక్షలు. అదే గుణకం, అదే సొలేషియం. ఎకరానికి 37 లక్షల 50 వేలు. మామూలుకు భిన్నంగా ఉన్న ధరను పక్కన పెట్టే అధికారం కలెక్టరుకు చట్టంలో ఉంది. అయితే దాన్ని నమ్మడానికి బ్యాంకు కాగితాలున్నాయి కాబట్టి అక్కడ పక్కన పెట్టలేదు. ఒకే రోడ్డు, ఒకే నల్లరేగడి, మధ్యలో ఓ పంటకాలువ. ఇవతలి రైతుకూ అవతలి రైతుకూ ఎకరం మీద 13 లక్షల తేడా. ఆ తేడా తెచ్చింది ఒక్క దస్తావేజు. దాన్ని రాయించినాయన ఆ ఊరివాడు కూడా కాదు.

గుణకం ఒకటే అనుకున్నా, ఆ సగటులో తగ్గిన ఒక్కో రూపాయికీ రైతుకు రెండు రూపాయలు పోతాయి. గుణకం రెండైతే నాలుగు. లెవెల్స్ తీసేటప్పుడు మేం ముందు బెంచ్ మార్క్ చూస్తాం. ఆ రాయి మీద అంకె అడుగు తప్పితే, దాని నుంచి కొలిచిన ప్రతి కాలువా, ప్రతి కల్వర్టూ అడుగు తప్పుతాయి. రాయి పాతినవాడి పొలంలో మాత్రం నీళ్ళు బాగానే ఉండొచ్చు. రిజిస్ట్రారు పుస్తకంలో మన అంకె అలాంటి రాయి.

పాత చట్టం కింద కూడా ఇదే తంతు. 1894 చట్టం రోజుల్లో కోర్టులు పక్క భూముల దస్తావేజులే చూసేవి. అప్పట్లో ప్రభుత్వ విలువల రిజిస్టరునే పరిహారానికి ఆధారంగా చూపిస్తే, ఆదిలాబాద్ భూసేకరణ కేసులో 1994లో సుప్రీంకోర్టు కుదరదంది. స్టాంపు డ్యూటీ కోసం రాసుకున్న ఆ అంకెలకు చట్టబద్ధమైన పునాది లేదని చెప్పింది. ఆ తర్వాత 1998లో విలువల సవరణకు నియమాలు వచ్చాయి. 2013 చట్టం ఆ విలువను మూడు అంకెల్లో ఒకటిగా లోపలికి తెచ్చింది. కోర్టు బయట పెట్టింది పార్లమెంటు తలుపు తీస్తే మళ్ళీ వచ్చింది. అందుకే ఆ రిజిస్టరు సవరించినప్పుడల్లా మనం "మళ్ళీ బాదారు" అని తిట్టుకుంటాం కానీ, సవరించకుండా వదిలేసిన ఊరిలో భూమి పోగొట్టుకునే రైతు సంగతి మనకు తోచదు. తెలంగాణలో రాష్ట్రం ఏర్పడ్డాక మొదటి సవరణ 2021 జులైలో జరిగింది, మరుసటి ఫిబ్రవరిలో ఇంకోసారి. మన దగ్గర 2025 ఫిబ్రవరి 1న కొత్త విలువలు వచ్చాయి.

ప్రభుత్వం వైపు తప్పేమీ లేదని నేననడం లేదు. ఏడున్నర శాతం అంటే మామూలు మాట కాదు. మధ్యతరగతి మనిషి ఇల్లు కొంటే ఏడాది జీతం దానికే పోతుంది. రేటు తగ్గిస్తే నిజం రాసేవాళ్ళు పెరుగుతారని నా నమ్మకం. కొన్నిచోట్ల రిజిస్టరు విలువ అసలు ధర కన్నా ఎక్కువ ఉంటుంది. మెయిన్ రోడ్డు ముఖం ఉన్న స్థలానికీ, వెనక సందులో ఇరుక్కున్న స్థలానికీ ఒకే విలువ వేసిన వీధులు నేను చూశాను. ఆ సందులోవాడు నిజం రాస్తే నిజం కన్నా ఎక్కువ మీద డ్యూటీ కట్టాలి. ఆదాయపు పన్నువారు కూడా ఎక్కువ అంకెనే పట్టుకుంటారు. తేడా 10 శాతం లోపు ఉంటేనే ఊరుకుంటారు. దారి లేకపోలేదు. 47-ఏ కింద నివేదించమని కోరవచ్చు. కాకపోతే రిజిస్ట్రారు లెక్కగట్టిన లోటు డ్యూటీలో సగం ముందే కట్టాలి. ఆదాయపు పన్ను దగ్గర కూడా వాల్యుయేషన్ అధికారికి పంపమని అడిగే హక్కుంది. అలా అడిగే ఓపిక లేనివాళ్ళు డ్యూటీ ఎక్కువ విలువ మీద కట్టేసినా, ప్రతిఫలం మాత్రం ఇచ్చినంతే రాయించుకోండి. ప్రతిఫలం వేరు, డ్యూటీ కట్టే విలువ వేరు. రెండూ ఒకటిగా ఉండాలని ఎక్కడా లేదు.

ఒకప్పుడు ఇంతకన్నా కఠినమైన మందే వేశారు. 1986 నుంచి 2002 దాకా కొన్ని పెద్ద నగరాల్లో ధర తక్కువ చూపారని తేలితే, మీరు రాసిన ధరకే ఆ ఆస్తిని కేంద్ర ప్రభుత్వం కొనేసుకునే ఏర్పాటు ఆదాయపు పన్ను చట్టంలో ఉండేది. "నువ్వు చెప్పిన ధరే కదయ్యా, నాకివ్వు" అన్నట్టు. వినడానికి నాకు భలే ముచ్చటగా ఉంటుంది కానీ, అది మన ఊళ్ళ దాకా రాలేదు, చివరికి ఎత్తేశారు.

డాలస్ నుంచి వచ్చిన మన మిత్రుడు నిన్న రాత్రి ఒక మాట అన్నాడు. టెక్సస్‌లో ఇల్లు కొంటే ధర ఎవరికీ చెప్పనక్కర్లేదట. దస్తావేజులో "పది డాలర్లు, ఇతర విలువైన ప్రతిఫలం" అని రాస్తే సరిపోతుందట. నిజమే. అక్కడ ధర వెల్లడించాలని చట్టం లేదు. ఏటా ఇంటి పన్ను కోసం కౌంటీ అప్రైజల్ వాళ్ళు తమంతట తామే విలువ అంచనా కట్టుకుంటారు. ఇంగ్లండులో దీనికి పూర్తిగా తలకిందులు. ఇళ్ళ అమ్మకం ధరలు 1995 నుంచీ అక్కడి ల్యాండ్ రిజిస్ట్రీ బహిరంగంగా పెడుతుంది. పక్కింటివాడు ఎంతకు కొన్నాడో మీరు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఈ రెండు పద్ధతుల్లో ఏది మంచిదన్నది వాదించుకోవచ్చు. మనది మాత్రం రెండూ కాదు. టెక్సస్‌వాడు చెప్పనంటాడు, లండన్‌వాడు చెబుతాడు. మనం ఇద్దరు సాక్షులను పెట్టుకుని, వేలిముద్రలు వేసి, లేని ధర చెబుతాం.

అమ్మబోయే మిత్రులకు నాలుగు పనికొచ్చే మాటలు. ఇంటి చుట్టుపక్కల అమ్మకాలు ఎంతకు రాశారో తెలుసుకోవడానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు. స్థిరాస్తి దస్తావేజుల పుస్తకం ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది. ఈసీతో పాటు పక్కవాళ్ళ దస్తావేజు నకలు ఒకటి తీసి చూడండి. డబ్బు ఏ చెక్కు ద్వారా, ఏ ఆర్టీజీఎస్ ద్వారా ఎంతెంత వచ్చిందో నంబర్లతో సహా దస్తావేజులోనే రాయించండి. ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే కొన్నవారు ఒక శాతం పట్టుకుని మీ పేరున పన్నుగా జమచేస్తారు. పల్లె సాగుభూమికి అది వర్తించదు. విదేశాల్లో స్థిరపడిన అన్నయ్యలు, అక్కయ్యలు ఇది ప్రత్యేకంగా వినండి. అమ్మేది ప్రవాసులైతే ఆ ఒక శాతం లెక్క చెల్లదు. ధర ఎంతైనా సరే, అంతకన్నా చాలా ఎక్కువ రేటున పట్టుకోవాలి. తక్కువ పట్టమని ముందుగానే ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోండి. టికెట్ బుక్ చేసుకున్నాక ఆ పని మొదలుపెడితే పూర్తికాదు.

ఇప్పుడు మన సంగతి. బడికి పడమర ప్రహరీ ఆనుకుని ఉన్న 22 సెంట్ల స్థలం ఆటస్థలం కోసం సంఘం కొనాలని తీర్మానించిన విషయం మీకు తెలుసు. సెంటు 3 లక్షలు, మొత్తం 66 లక్షలకు మాట అయింది. ప్రభుత్వ విలువ ప్రకారం అయితే ఇరవై ఏడున్నర లక్షలే. యజమాని పెద్దమనిషి, మన బళ్ళోనే చదువుకున్నారు. ఆయన 30 లక్షలకు రాయిద్దామని, మిగతా 36 నగదుగా ఇమ్మని అడిగారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, ఊళ్ళో అందరూ చేసేదే. కార్యవర్గంలో ఇద్దరు ముగ్గురు కూడా, డ్యూటీ రెండు లక్షల డెబ్బై వేలు మిగులుతుంది కదా, ఆ డబ్బుతో బాస్కెట్‌బాల్ కోర్టు వేయొచ్చు కదా అన్నారు.

విరాళాలన్నీ రసీదుల మీద వచ్చాయి. అందులో పెద్ద చెక్కులున్నాయి, ఆటో నడుపుకునే మా బెంచీ మిత్రుడు ఇచ్చిన రెండు వేలూ ఉన్నాయి. 36 లక్షలు నగదు తీసి లెక్కల పుస్తకంలో ఏమని రాయాలి? ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. అంతేకాదు, ఆ వీధిలో రోడ్డు వెడల్పు చేయాలన్న మాట చాలాకాలంగా ఉంది. మన 30 లక్షల దస్తావేజు ఒకటి పుస్తకంలో చేరితే, రేపు ఇళ్ళ ముందు స్థలం పోగొట్టుకునే ఆ వీధి వాళ్ళందరికీ అదే కొలత అవుతుంది. యజమానిగారికి అదే వరసలో ఇంకా 80 సెంట్లున్నాయి. అందరికన్నా ముందు నష్టపోయేది ఆయనే.

ఆయన భయమల్లా పన్ను గురించి. మా బ్యాచ్ ఆడిటరూ నేనూ వెళ్ళి కాగితం మీద లెక్క వేసి చూపించాం. తండ్రి నాటి స్థలం కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. సెంటు 15 వేలు, మొత్తం 3 లక్షల 30 వేలు. లాభం 62 లక్షల 70 వేలు. పన్నెండున్నర శాతం చొప్పున ఏడు లక్షల ఎనభై నాలుగు వేల దాకా పన్ను. ఆ అంకె చూసి ఆయన మొహం మాడింది. అప్పుడు ఆడిటరు రెండో కాగితం తీశాడు. అమ్మిన ఆరు నెలల్లోగా ప్రభుత్వం గుర్తించిన బాండ్లలో 50 లక్షల వరకు పెడితే ఆ మేరకు లాభం మీద పన్ను ఉండదు. అయిదేళ్ళు ముట్టుకోకూడదు, వడ్డీ కాస్త తక్కువ, ఆ వడ్డీకి పన్ను ఉంటుంది. అలా పెడితే మిగిలిన 12 లక్షల 70 వేల మీద పన్ను ఒక లక్షా అరవై వేలకు లోపే. "ఇంతేనా?" అన్నారు. ఇంతే. ఇన్నాళ్ళూ ఎవరూ ఆయనకు లెక్క వేసి చూపించలేదు, భయపెట్టారంతే.

రెండు రోజులు ఆలోచించుకుని, పిల్లలతో మాట్లాడి, మొన్న ఆదివారం ఒప్పుకున్నారు. అయితే ఓ షరతు పెట్టారు. ఆ లక్షా అరవై వేలు సంఘం భరించాలని కాదు. ఆటస్థలం గేటుకు వాళ్ళ నాన్నగారి పేరు పెట్టాలని. కార్యవర్గం సరేనంది.

వచ్చే గురువారం రిజిస్ట్రేషన్. 66 లక్షలకూ దస్తావేజు తయారైంది, చెక్కు నంబర్లతో సహా. డ్యూటీ, ఫీజు కలిపి 4 లక్షల 95 వేలు. ముందు అనుకున్న అంచనాలో 2 లక్షల 25 వేలే పెట్టుకున్నారు కాబట్టి ఆ 2 లక్షల 70 వేలు ఇంకా జమకావాలి. కోశాధికారిగారు రసీదు పుస్తకం పట్టుకుని ఈ గుమ్మం పక్కనే బల్ల వేసుకుని కూర్చున్నారు. భోజనాలకు వెళ్ళే దారి కూడా అదే.